లింక్డ్ డేటా, సెమాంటిక్ వెబ్ నేర్చుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

లింక్డ్ డేటా కొత్తగా పట్టుకున్నవాళ్లు, ఏ పని మీద పట్టుకున్నా, దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. విడివిడిగా జవాబులు రాసేకన్నా ఒకచోట పెడితే మేలనిపించింది. ప్రశ్నలు నేర్చుకునే దశల ప్రకారం ఉన్నాయి గానీ వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. చాలా పాఠాలు ఆంటాలజీతో, అంటే ఏ రకాల వస్తువులున్నాయి, వాటి మధ్య ఏ సంబంధాలున్నాయి అని చెప్పే నమూనాతో మొదలవుతాయి. ఇక్కడ మొగ్గు క్వెరీల వైపు, పేర్లు పెట్టే పని వైపు ఉంటుంది. ఎక్కువమంది ఇరుక్కునేది అక్కడే.

## మొదలుపెట్టే ముందు

లింక్డ్ డేటా, సెమాంటిక్ వెబ్ రెండూ ఒకటేనా?

సెమాంటిక్ వెబ్ అనేది పెద్ద ఆశయం. మనుషులు చదివే పేజీలతో పాటు, యంత్రాలకు కూడా అర్థం తెలిసే సమాచారం వెబ్‌లో ఉండాలన్నది దాని సారం. 2001లో టిమ్ బెర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లసీలా కలిసి రాసిన వ్యాసంతో ఆ పేరు జనంలోకి వెళ్లింది. సాఫ్ట్‌వేర్ ఏజెంట్లే మన తరఫున డాక్టర్ అపాయింట్‌మెంట్లు కుదురుస్తాయని అప్పుడు ఊహించారు. కథ అంత దూరం నడవలేదు.

లింక్డ్ డేటా ఆ ఆశయంలో ఆచరణకు నిలబడిన భాగం. 2006లో బెర్నర్స్-లీ నాలుగు నియమాలు రాశారు. ప్రతి వస్తువుకీ యూఆర్‌ఐని (వెబ్ చిరునామా లాంటి గుర్తింపును) పేరుగా పెట్టాలి. అది హెచ్‌టీటీపీ యూఆర్‌ఐ అయి ఉండాలి, ఎవరైనా తెరిచి చూడగలగాలి. తెరిస్తే ప్రామాణిక రూపంలో పనికొచ్చే సమాచారం రావాలి. అందులో వేరే వస్తువులకు లింకులు ఉండాలి. అంతే.

ట్రిపుల్ అంటే ఏంటి? ఒక్క ఉదాహరణ చెప్పండి చాలు.

మూడు ముక్కల వాక్యం. దేని గురించి చెబుతున్నామో అది సబ్జెక్ట్, ఏం సంబంధమో అది ప్రెడికేట్, దేనితో లేదా ఏ విలువతో సంబంధమో అది ఆబ్జెక్ట్. బృహస్పతి ఉపగ్రహం గానిమీడ్ గురించి టర్టిల్ అనే రాత పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

```
ఉదా:గానిమీడ్ ఉదా:కనుగొన్నవారు ఉదా:గెలీలియో .
ఉదా:గానిమీడ్ ఉదా:కనుగొన్నసంవత్సరం 1610 .
```

"ఉదా" అన్నది ప్రిఫిక్స్, అంటే పొడవాటి వెబ్ చిరునామాకు పొట్టిపేరు. ఫైల్ మొదట్లో దాన్ని ప్రకటిస్తే పై రెండు లైన్లూ ఉన్నవి ఉన్నట్టే చెల్లుతాయి. టర్టిల్‌లో తెలుగు అక్షరాలతో పేర్లు రాయొచ్చు. మొదటి లైన్లో ఆబ్జెక్ట్‌గా ఉన్న గెలీలియో ఇంకో ట్రిపుల్‌లో సబ్జెక్ట్ కావచ్చు. అలా వాక్యాలు ఒకదానికొకటి తగులుకుంటూ పోతే గ్రాఫ్ తయారవుతుంది.

ప్రోగ్రామింగ్ రాదు. నేర్చుకోగలనా?

నిక్షేపంగా. ఈ రంగంలో గట్టి పని చేస్తున్నవాళ్లలో లైబ్రేరియన్లు, మ్యూజియం వాళ్లు, జీవశాస్త్రవేత్తలు చాలామంది ఉన్నారు. వెతకడానికి స్పార్కిల్ అనే క్వెరీ భాష చాలు, అది బ్రౌజర్‌లోనే రాసి నడపొచ్చు. సొంత డేటాను మార్చే దశలో కొంచెం పైథాన్ వస్తే పని తేలికవుతుంది. అప్పుడు నేర్చుకోండి, ముందే టెన్షన్ పడొద్దు.

మామూలు డేటాబేస్ ఉండగా ఇదంతా ఎందుకు?

మీ డేటా అంతా ఒకే అప్లికేషన్‌లో ఉండి, టేబుళ్ల ఆకారం ముందే తెలిసి, బయటివాళ్లతో పంచుకునే పని లేకపోతే నిజంగానే అవసరం లేదు. పోస్ట్‌గ్రెస్‌తో హాయిగా నడిపించుకోండి.

నాలుగు చోట్ల నుంచి, నాలుగు ఆకారాల్లో వచ్చే డేటాను కలపాల్సి వచ్చినప్పుడు లెక్క మారుతుంది. ఒక టేబుల్‌లోని 17వ నంబరు, వేరే సంస్థ టేబుల్‌లోని 17వ నంబరు ఒకటే వస్తువా కాదా అని మామూలు డేటాబేస్‌కు తెలియదు. యూఆర్‌ఐ ప్రపంచమంతటికీ ఒకే పేరు కాబట్టి రెండు ఆర్‌డీఎఫ్ (ట్రిపుల్స్‌తో సమాచారం రాసే ప్రమాణం) ఫైళ్లను కలపడమంటే రెండింటి ట్రిపుల్స్‌నూ ఒకచోట పోయడమే. కొత్త రకం సంబంధం వచ్చినా స్కీమా మార్చక్కర్లేదు, ఇంకో ట్రిపుల్ చేరుతుంది. ఈ సుఖానికి ఖరీదు ఏంటంటే, మామూలు డేటాబేస్ పట్టుకునే తప్పులను ఇక్కడ ఎవరూ దానంతటదే పట్టుకోరు. వాటిని మీరే విడిగా తనిఖీ చేసుకోవాలి.

నియో4జే లాంటి గ్రాఫ్ డేటాబేస్ వచ్చు. ఇది వేరేనా?

చూడ్డానికి దగ్గరగా ఉంటాయి గానీ, పుట్టిన అవసరాలు వేరు. నియో4జే లాంటి ప్రాపర్టీ గ్రాఫ్‌లో, రెండు నోడ్లను (వస్తువులను) కలిపే గీత మీదే తేదీ, బరువు లాంటి వివరాలు రాసేయొచ్చు. నోడ్ల పేర్లు మాత్రం ఆ డేటాబేస్ లోపలికే పరిమితం. ఆర్‌డీఎఫ్‌లో పేర్లు వెబ్ అంతటా చెల్లుతాయి, గీత మీద వివరాలు రాయడం మాత్రం మొదటి నుంచీ కష్టమే. ఆ లోటు తీర్చడానికే ఆర్‌డీఎఫ్-స్టార్ ఆలోచన వచ్చింది, దాన్ని ఆర్‌డీఎఫ్ 1.2లో చేరుస్తున్నారు. ప్రాపర్టీ గ్రాఫ్‌ల వైపు కూడా 2024లో జీక్యూఎల్ అనే క్వెరీ భాష ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చింది. ఒకటి వచ్చినవాళ్లకు రెండోది తొందరగా పట్టుబడుతుంది.

సెమాంటిక్ వెబ్ ఎప్పుడో చచ్చిపోయిందంటున్నారు కదా?

ఆ పేరు పాతబడింది, పని ఆగలేదు. 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి వెబ్ పేజీల సమాచారానికి ఉమ్మడి పదజాలంగా స్కీమా.ఆర్గ్ మొదలుపెట్టాయి. ఇవాళ ఎన్నో వెబ్ పేజీల సోర్స్ తెరిచి చూస్తే అందులో జేసన్ ఎల్‌డీ (జేసన్ రూపంలో రాసే లింక్డ్ డేటా) ముక్క కనబడుతుంది. 2012లో గూగుల్ తన నాలెడ్జ్ గ్రాఫ్‌ను ప్రకటించింది, అదే ఏడాది అక్టోబరులో, ఎవరైనా దిద్దగల ఉమ్మడి డేటా నిల్వ వికీడేటా మొదలైంది. ప్రొటీన్ల సమాచారం కావాల్సినవాళ్లు యూనిప్రాట్ స్పార్కిల్ ఎండ్‌పాయింట్‌ను (క్వెరీలు తీసుకునే వెబ్ చిరునామాను) అడుగుతారు. మ్యూజియంలు సీఐడాక్ సీఆర్‌ఎం అనే ఆంటాలజీ వాడతాయి, అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పుస్తకాల వివరాల కోసం బిబ్‌ఫ్రేమ్ తయారుచేసింది. ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం "సెమాంటిక్ వెబ్" అని వెతికితే తక్కువే దొరుకుతాయి. "నాలెడ్జ్ గ్రాఫ్", "మెటాడేటా", "ఆంటాలజీ ఇంజనీర్" అని వెతకండి.

## మొదటి అడుగులు

ఆర్‌డీఎఫ్, టర్టిల్, జేసన్ ఎల్‌డీ, ఎన్-ట్రిపుల్స్... ఇన్నిట్లో ఏది నేర్చుకోవాలి?

ఆర్‌డీఎఫ్ అన్నది నమూనా, మిగతావి దాన్ని ఫైల్‌లో రాసే పద్ధతులు. ఆ మూడిట్లో దేంట్లో రాసినా ట్రిపుల్స్ అవే. చేత్తో రాయడానికీ కళ్లతో చదవడానికీ టర్టిల్ హాయి, దాంతోనే మొదలుపెట్టండి. ఎన్-ట్రిపుల్స్‌లో లైనుకో ట్రిపుల్ ఉంటుంది కాబట్టి కోట్ల ట్రిపుల్స్ ఉన్న ఫైళ్లను ముక్కలు చేయడానికి, అందులో వెతకడానికి బాగుంటుంది. వెబ్ డెవలపర్లకు ఇవ్వాలంటే జేసన్ ఎల్‌డీ. పాత ఆర్‌డీఎఫ్/ఎక్స్‌ఎంఎల్ ఎదురైతే భయపడకుండా టర్టిల్‌లోకి మార్చుకుని చదవండి. కొత్తగా అందులో రాయాల్సిన పని ఎవరికీ ఉండదనే అనుకుంటున్నా.

యూఆర్‌ఐలో తెలుగు పేర్లు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. 2014 నాటి ఆర్‌డీఎఫ్ 1.1 నుంచి పేర్లన్నీ ఐఆర్‌ఐలే. అంటే తెలుగు లాంటి యూనికోడ్ అక్షరాలూ చెల్లుతాయి.

పెట్టాలా అంటే మాత్రం, బయటికి ప్రచురించే డేటాలో వద్దనే చెబుతాను. ఒక్కో తెలుగు యూనికోడ్ అక్షరం యూటీఎఫ్-8లో 3 బైట్లు. దాన్ని పర్సెంట్ గుర్తులతో రాస్తే 9 అక్షరాలవుతుంది. ఐదక్షరాల పేరు కాపీ చేసి ఈమెయిల్‌లో పెడితే మూడు లైన్ల గజిబిజి వస్తుంది. పైగా గుణింతాలకు, ఒత్తులకు విడివిడి కోడ్లు కాబట్టి కంటికి కనిపించే దానికన్నా అది ఇంకా పెద్దదవుతుంది. యూఆర్‌ఐలో అర్థంలేని సంఖ్య పెట్టి, తెలుగు పేరును లేబుల్‌గా ఇవ్వడం మంచిది. వికీడేటా చేసేది అదే: బృహస్పతి అక్కడ క్యూ319, ఏ భాషవాళ్లకు ఆ భాషలో లేబుల్. పేరు తర్వాత సరిదిద్దినా యూఆర్‌ఐ మారదు.

బ్లాంక్ నోడ్ వాడొచ్చా?

పేరు పెట్టని నోడ్‌ను బ్లాంక్ నోడ్ అంటారు. నేర్చుకునేటప్పుడు సరదాగా ఉంటుంది. కానీ బయటివాళ్లు దానికి లింకు ఇవ్వలేరు, అదే ఫైల్‌ను ట్రిపుల్ స్టోర్‌లోకి (ట్రిపుల్స్ దాచే డేటాబేస్‌లోకి) రెండుసార్లు ఎక్కిస్తే రెండు కొత్త నోడ్లు పుడతాయి. అనుమానం ఉంటే యూఆర్‌ఐ పెట్టేయండి.

## స్పార్కిల్ రాసేటప్పుడు

స్పార్కిల్ ఎక్కడ సాధన చేయాలి?

వికీడేటా క్వెరీ సర్వీసులో. ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు, ఉదాహరణ క్వెరీలు అక్కడే బోలెడున్నాయి, సంఖ్య మీద మౌస్ పెడితే దాని లేబుల్ చూపిస్తుంది. ఒక ఉదాహరణ తీసుకుని అందులో ఒక్క లైను మార్చి నడపండి, మళ్లీ ఇంకో లైను. పుస్తకం మొదటి పేజీ నుంచి చదువుతూ పోవడం కన్నా ఇలా తొందరగా పట్టుబడుతుంది. మీకు ముందే జవాబు తెలిసిన ప్రశ్నతో మొదలుపెడితే క్వెరీ తప్పా, డేటా తప్పా అన్నది వెంటనే తేలిపోతుంది.

ఎస్‌క్యూఎల్ వచ్చు. స్పార్కిల్ ఎందుకు అర్థం కావట్లేదు?

జాయిన్ ఎక్కడ రాయాలా అని వెతుకుతూ ఉంటారు, అందుకు. ఇక్కడ జాయిన్ విడిగా రాయరు. తెలియని ముక్కల చోట వేరియబుల్స్ పెట్టి ట్రిపుల్స్ రాస్తారు. రెండు లైన్లలో ఒకే వేరియబుల్ ఉంటే అదే జాయిన్:

```
?ఉపగ్రహం ఉదా:కనుగొన్నవారు ?మనిషి .
?మనిషి ఉదా:పుట్టినసంవత్సరం ?ఏడాది .
```

ఈ రెండు లైన్లకూ సరిపోయే చోట్లన్నీ గ్రాఫ్‌లో వెతికి తెస్తుంది. సెలెక్ట్, ఫిల్టర్ లాంటి కీలకపదాలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి. వేరియబుల్ పేర్లు మీ ఇష్టం.

క్వెరీ ఎర్రర్ ఇవ్వట్లేదు, ఫలితం మాత్రం సున్నా. ఏం చేయాలి?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. లేని ప్రాపర్టీ (ప్రెడికేట్) పేరు రాసినా స్పార్కిల్ తప్పని చెప్పదు. అలాంటి ట్రిపుల్ ఏదీ దొరకలేదని ఖాళీ పట్టిక ఇచ్చి ఊరుకుంటుంది. కాబట్టి ముందు క్వెరీలోని లైన్లను ఒక్కొక్కటే తీసేస్తూ నడపండి. ఏ లైను తీయగానే ఫలితాలు వచ్చాయో, దొంగ అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత ఆ లైన్లో వీటిని చూడండి.

ప్రిఫిక్స్ చిరునామా చివర హాష్ ఉండాల్సిన చోట స్లాష్ ఉందా? స్కీమా.ఆర్గ్ అయితే హెచ్‌టీటీపీయా, హెచ్‌టీటీపీఎస్‌యా? ఆ ఒక్క అక్షరం తేడాతో అది వేరే యూఆర్‌ఐ అయిపోతుంది.

భాషా ట్యాగ్ ఉందా? డేటాలో "గానిమీడ్" అన్న లేబుల్‌కు తెలుగు ట్యాగ్ తగిలించి ఉంటే, ట్యాగ్ లేని "గానిమీడ్"తో అది సరిపోలదు. ఆర్‌డీఎఫ్ లెక్కలో రెండూ వేరు వేరు విలువలు.

డేటాటైప్ చూశారా? కోట్‌లలో ఉన్న "1610" అక్షరాల వరస, కోట్‌లు లేని 1610 పూర్ణాంకం. ఒకదాన్ని అడిగితే రెండోది రాదు.

తెలుగు డేటా అయితే ఇంకో తలనొప్పి ఉంది, ఇంగ్లిష్ పాఠాల్లో ఎక్కడా చెప్పరు. "ఆర్‌డీఎఫ్" అని రాసేటప్పుడు ర్, డీ కలిసి ఒత్తు కాకుండా మధ్యలో కనిపించని నాన్-జాయినర్ అక్షరం పెడతాం. ఒకరు పెట్టి, ఒకరు పెట్టకపోతే ఆ రెండు మాటలూ సరిపోలవు. కొన్ని ఫాంట్లలో ఆ తేడా కంటికి కూడా సరిగా కనిపించదు. ఐత్వం సంగతీ అంతే: యూనికోడ్‌లో దాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, రెండు కోడ్లుగానూ రాయొచ్చు, తెరమీద మాత్రం ఒకటే. అందుకే డేటా ఎక్కించే ముందే ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ఏకరూపంలోకి మార్చి, నాన్-జాయినర్లను ఒక పద్ధతికి తెచ్చుకోవాలి. అసలు పేర్లతో వెతికే అలవాటే తగ్గించుకుని యూఆర్‌ఐతో వెతికితే ఈ బాధలు సగం పోతాయి.

సున్నా కాదు, నాకు వేలకొద్దీ వరసలు వస్తున్నాయి!

వేరియబుల్ పేరు చూడండి. మొదటి లైన్లో ?మనిషి, రెండో లైన్లో ?మనిషీ అని ఉంటే ఆ రెండింటికీ సంబంధం తెగిపోయినట్టే. 100 ఉపగ్రహాలు, 50 మంది మనుషులు ఉంటే 5,000 వరసలు వస్తాయి. పేర్లు సరిగ్గానే ఉన్నాయంటే, ఒక వస్తువుకు రెండు ప్రాపర్టీల్లోనూ చాలా విలువలు ఉండి ఉంటాయి. నాలుగు లేబుళ్లు, మూడు ఫొటోలు ఉంటే ఒక్క వస్తువే 12 వరసలవుతుంది. లేబుల్‌ను ఒక భాషకు పరిమితం చేయండి, లేదా గ్రూప్ బై వాడండి.

కొన్నిటికి ఫొటో లేదని ఆ వస్తువులే మాయమైపోతున్నాయి. ఎలా?

ఆ లైన్ని ఆప్షనల్‌లో పెట్టండి. ఉంటే తెస్తుంది, లేకపోతే గడి ఖాళీగా వదులుతుంది. రెండు సంగతులు విడివిడిగా లేకపోవచ్చు అనుకుంటే రెండు వేరు వేరు ఆప్షనల్స్ రాయాలి. ఒకే దాంట్లో రెండూ పెడితే రెండూ ఉన్నప్పుడే వస్తాయి.

వికీడేటాలో ఒక రకానికి చెందినవన్నీ అడిగితే సగమే వస్తున్నాయి. ఎందుకు?

అక్కడ "ఇది ఫలానా రకం" అనేది పీ31, "ఈ రకం ఆ రకానికి ఉపవర్గం" అనేది పీ279. చాలా అంశాలు మీరు అడిగిన క్లాసుకు నేరుగా కాకుండా దాని ఉపవర్గానికి తగిలించి ఉంటాయి. అందుకని పీ31 తర్వాత స్లాష్, పీ279, నక్షత్రం గుర్తు కలిపి ప్రాపర్టీ పాత్‌గా రాస్తారు. ఒకసారి పీ31, ఆపైన ఎన్నిసార్లయినా పీ279 అని దాని భావం. ఇలా రాస్తే అక్కడక్కడా విచిత్రమైనవి కూడా వచ్చిపడతాయి. వికీడేటా వర్గవృక్షం వేలమంది చేతుల మీదుగా పెరిగింది, అంతా ఒక పద్ధతిలో ఉండదు.

వికీడేటా పేజీలో కనిపించే విలువ క్వెరీలో రావట్లేదు. ఇదేం వింత?

ప్రతి విలువకూ అక్కడ ఒక ర్యాంక్ ఉంటుంది: ప్రిఫర్డ్, నార్మల్, డెప్రికేటెడ్. మామూలుగా అందరూ వాడే పొట్టి దారి అందులో మెరుగైన ర్యాంక్ ఉన్నవాటినే ఇస్తుంది. ఒక నగరానికి నాలుగు సంవత్సరాల జనాభా లెక్కలుండి, తాజా దాన్ని ప్రిఫర్డ్ చేసి ఉంటే మీకు అదొక్కటే వస్తుంది. పాతవి కూడా కావాలంటే స్టేట్‌మెంట్ నోడ్ (ఒక్కో విలువ వివరాలు ఉండే నోడ్) మీదుగా వెళ్లే పెద్ద దారిలో రాయాలి. ఏ సంవత్సరం లెక్క అన్న వివరం కూడా అక్కడే దొరుకుతుంది.

టైమౌట్ వస్తోంది. నా క్వెరీ అంత పెద్దదా?

వికీడేటా సర్వీసులో ఒక్కో క్వెరీకి 60 సెకన్లే. లేబుళ్లు తెచ్చే పని అన్నిటికన్నా చివర్లో పెట్టండి, లోపలి సబ్‌క్వెరీలో ముందు వడగట్టండి. వాక్యంలో మాట వెతికే ఫిల్టర్లు చాలా నిదానం. ఇంకో సంగతి: 2025లో శాస్త్రీయ వ్యాసాల డేటాను అసలు గ్రాఫ్ నుంచి వేరు చేశారు. పాత పాఠాల్లోని క్వెరీలు ఖాళీగా రావడానికి అదీ ఒక కారణం కావచ్చు.

## సొంత డేటా తయారుచేసేటప్పుడు

నా దగ్గర ఎక్సెల్ షీట్ ఉంది. దాన్ని లింక్డ్ డేటా చేయడమెలా?

ముందు టూల్ వెతక్కండి. ఒక కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఒక్కో వరస దేని గురించి? ఏ కాలమ్‌లలో ఉన్నది ఉత్త విలువ, ఏ కాలమ్‌లలో ఉన్నది ఇంకో వస్తువు పేరు? ఆ వస్తువులకు ఇప్పటికే ఎవరైనా యూఆర్‌ఐ పెట్టారా?

శ్రమంతా మూడో ప్రశ్నలోనే ఉంది. మీ షీట్‌లో "గెలీలియో" అని ఉందనుకోండి. 1564లో పుట్టిన శాస్త్రవేత్తా, 1995 నుంచి 2003 దాకా బృహస్పతి చుట్టూ తిరిగిన నాసా నౌకా, యూరప్‌వాళ్ల నావిగేషన్ వ్యవస్థా? మిగతా కాలమ్‌లు చూస్తే మనిషికి ఇట్టే తెలుస్తుంది, కంప్యూటర్‌కు చెప్పాలి. ఈ పనికి ఓపెన్‌రిఫైన్ అనే టూల్ బాగుంటుంది. కాలమ్‌ను వికీడేటాతో పోల్చి, నమ్మకంగా కుదిరినవి తనే కలిపి, అనుమానం ఉన్నవి మీ ముందు పెడుతుంది. అనుమానం ఉన్నవాటిని గుడ్డిగా "అన్నీ ఓకే" కొట్టేయాలని చేయి లాగుతుంది. ఒక్కొక్కటీ చూడండి, కుదరనివాటిని ఖాళీగా వదిలేయండి. తప్పు లింకు కన్నా లింకు లేకపోవడమే నయం.

అది అయ్యాక ట్రిపుల్స్‌గా మార్చడం చిన్న పని. పైథాన్‌లో ఆర్‌డీఎఫ్‌లిబ్‌తో లూప్ రాస్తే సరిపోతుంది. డేటా రిలేషనల్ డేటాబేస్‌లో ఉంటే ఆర్2ఆర్‌ఎంఎల్ అని 2012లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఇచ్చిన ప్రమాణం ఉంది.

ఏ వొకాబులరీ (ప్రాపర్టీలకు, క్లాసులకు సిద్ధంగా ఉన్న పేర్ల జాబితా) వాడాలి? వందలకొద్దీ ఉన్నాయి!

సెర్చ్ ఇంజిన్ల కోసమైతే స్కీమా.ఆర్గ్. పుస్తకాలు, పత్రాల శీర్షిక, కర్త, తేదీ కోసం డబ్లిన్ కోర్. విషయసూచికలకు, వర్గీకరణలకు స్కోస్. ఈ డేటా ఎక్కడిది, ఎవరు మార్చారు అని చెప్పాలంటే ప్రోవ్-ఓ. చాలా ప్రాజెక్టులు ఈ నాలుగింటితో గడిచిపోతాయి. కలగలిపి వాడడం తప్పేమీ కాదు. దొరకని రెండు మూడు ప్రాపర్టీలకే సొంత పేర్లు పెట్టుకోండి.

ముందు ఆంటాలజీ తయారుచేయాలా? ప్రొటెజే నేర్చుకోవాలా?

ప్రొటెజే ఆంటాలజీలు రాయడానికి మంచి టూలే, స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది, ఉచితం. కానీ ప్రాజెక్టు మొదట్లోనే దాన్ని తెరిస్తే నెలల తరబడి క్లాసుల చెట్టు పెంచుతూ ఒక్క ట్రిపుల్ కూడా రాయకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. "పుస్తకం అంటే ప్రతినా, రచనా?" అన్న చర్చలకు అంతుండదు. ముందు మీ డేటాను అడగాలనుకుంటున్న పది ప్రశ్నలు మామూలు భాషలో రాయండి. ఆ ప్రశ్నలకు జవాబివ్వడానికి ఏ క్లాసు కావాలో అదే పెట్టండి. ఏ ప్రశ్నకూ అక్కర్లేని క్లాసును తీసేయండి.

డొమైన్, రేంజ్ పెట్టాను. అయినా తప్పు డేటా లోపలికి వెళ్లిపోతోందే?

ప్రాపర్టీకి సబ్జెక్ట్ ఏ క్లాసుదో డొమైన్, ఆబ్జెక్ట్ ఏ క్లాసుదో రేంజ్ చెబుతాయి. అవి తప్పులను ఆపేవి కావు, కొత్త సంగతులు ఊహించేవి. డేటాబేస్ అలవాటుతో వచ్చేవాళ్లందరికీ ఇక్కడ కాలు జారుతుంది. "పరిభ్రమించేది" అనే ప్రాపర్టీకి డొమైన్‌గా సహజ ఉపగ్రహం అని పెట్టారనుకోండి. గెలీలియో నౌక బృహస్పతి చుట్టూ పరిభ్రమించిందని ఎవరో రాస్తే రీజనర్ (ఉన్న ట్రిపుల్స్ నుంచి కొత్తవి తేల్చే ప్రోగ్రామ్) ఎర్రర్ ఇవ్వదు. "అయితే గెలీలియో నౌక ఒక సహజ ఉపగ్రహం" అని తేల్చేసి ముందుకు పోతుంది. క్లాసులు ఒకదానికొకటి కలవవని మీరు విడిగా చెబితేనే వైరుధ్యం బయటపడుతుంది.

డేటాను తనిఖీ చేయాలంటే 2017లో ప్రమాణంగా వచ్చిన షాకిల్ వాడాలి. "ప్రతి ఉపగ్రహానికీ సరిగ్గా ఒక గ్రహం ఉండాలి, సంవత్సరం పూర్ణాంకం కావాలి" అని ఆకారం రాసిపెడితే, అది పాటించని నోడ్ల జాబితా ఇస్తుంది. పైథాన్‌లో పైషాకిల్ అనే లైబ్రరీ ఉంది. నన్నడిగితే ఔల్ (ఆంటాలజీలు రాసే భాష) కన్నా ముందు షాకిల్ నేర్పాలి.

ఓపెన్ వరల్డ్ అంటే ఏంటి? నాకెందుకు?

డేటాలో లేనిదాన్ని "అబద్ధం" అనకుండా "తెలియదు" అనుకోవడం. వెబ్‌లో ఇంకెక్కడో ఆ ట్రిపుల్ ఉండొచ్చు కదా. ఒక గ్రహానికి మీ ఫైల్‌లో ఒక్క ఉపగ్రహం కూడా లేదంటే దానికి ఉపగ్రహాలు లేవని ఔల్ అనదు. ఇంకో చిక్కు: రెండు పేర్లున్నాయంటే రెండు వస్తువులున్నాయని కూడా అనుకోదు. ఒకరికి ఒకే జన్మస్థలం ఉండాలని నియమం పెట్టి రెండు రాస్తే, ఆ రెండు ఊళ్లూ ఒకటే అని తేలుస్తుంది. క్వెరీలు, తనిఖీలు మాత్రం ఉన్న డేటానే ప్రపంచం అనుకుని నడుస్తాయి.

సేమ్‌యాజ్ ఎప్పుడు వాడాలి?

అరుదుగా. రెండు యూఆర్‌ఐలూ ఒకే వస్తువు పేర్లని ఒట్టేసి చెప్పగలిగినప్పుడే. సేమ్‌యాజ్ పెట్టిన మరుక్షణం ఒకదాని గురించి చెప్పినవన్నీ రెండోదానికీ వర్తిస్తాయి. మీ గానిమీడ్ ఉపగ్రహాన్ని పొరపాటున గ్రీకు పురాణంలోని గానిమీడ్‌కు కలిపారో, ఆ యువకుడి వ్యాసం 5,268 కిలోమీటర్లవుతుంది. పైగా ఈ సంబంధం గొలుసులా పాకుతుంది: ఒకటి రెండుతో, రెండు మూడుతో సమానమైతే ఒకటి మూడుతోనూ సమానం. మధ్యలో ఒక్క లింకు తప్పయితే అటు ఇటు అన్నీ కలిసిపోతాయి. నగరం, ఆ నగర పాలక సంస్థ లాంటి దగ్గర దగ్గర విషయాలకు స్కోస్‌లోని క్లోజ్‌మ్యాచ్, లేదంటే "ఇదీ చూడండి" అనే ఉత్త సీఆల్సో చాలు.

రీజనర్ తప్పనిసరా?

కాదు. చాలా ప్రాజెక్టుల్లో ఉపవర్గాల చెట్టు ఎక్కడం వరకే అవసరం, దానికి ప్రాపర్టీ పాత్ సరిపోతుంది. స్నోమెడ్ సీటీ లాంటి భారీ వైద్య పదకోశాల్లో మాత్రం రీజనర్ లేకుండా గడవదు.

## డేటా బయటపెట్టేటప్పుడు

ఏ ట్రిపుల్ స్టోర్ పెట్టుకోవాలి?

నేర్చుకోవడానికి అపాచీ జీనా ఫ్యూసెకీ, లేదా ఆక్సిగ్రాఫ్. రెండూ సొంత ల్యాప్‌టాప్ మీద తేలిగ్గా లేస్తాయి. గ్రాఫ్‌డీబీ ఉచిత ఎడిషన్‌లో డేటాను బొమ్మగా చూసుకునే సౌకర్యం బాగుంటుంది. వికీపీడియా నుంచి తీసిన డేటా డీబీపీడియా వర్చువోసో అనే స్టోర్ మీద నడుస్తుంది. వందల కోట్ల ట్రిపుల్స్ అయితే క్యూలెవర్ చూడండి. వికీడేటా వాడే బ్లేజ్‌గ్రాఫ్ మీద కొత్త అభివృద్ధి ఆగిపోయి చాలాకాలమైంది, దాంతో కొత్తగా మొదలుపెట్టొద్దు. కొన్ని వేల ట్రిపుల్సే ఉంటే అసలు స్టోర్ వద్దు, టర్టిల్ ఫైల్ ఒకటి సర్వర్‌లో పెడితే చాలు.

303 రీడైరెక్ట్ గొడవ ఏంటి?

ఒక ఉపగ్రహాన్ని హెచ్‌టీటీపీలో పంపలేం, దాని గురించిన పత్రాన్నే పంపగలం. ఆ రెండింటికీ ఒకే యూఆర్‌ఐ ఉంటే "దీన్ని 2020లో తయారుచేశారు" అన్న ట్రిపుల్ దేని గురించో తెలియదు. అందుకే వస్తువు యూఆర్‌ఐ అడిగితే 303 కోడ్‌తో "దీని గురించి అక్కడ చూడండి" అని పత్రం దగ్గరికి పంపుతారు. బ్రౌజర్ అడిగితే వెబ్ పేజీ, ప్రోగ్రామ్ అడిగితే టర్టిల్ ఇచ్చేది కూడా అక్కడే. సర్వర్ సెట్టింగులు మీ చేతిలో లేకపోతే హాష్ యూఆర్‌ఐ వాడండి. హాష్ తర్వాతి భాగం సర్వర్‌దాకా పోదు కాబట్టి వస్తువు, పత్రం వాటంతటవే వేరవుతాయి. దీని మీద జరిగిన వాదనలు చదవాలంటే సెలవులు పెట్టుకోవాలి. మీకు అంత అక్కర్లేదు.

లైసెన్సు రాయకపోతే ఏమవుతుంది?

జాగ్రత్త ఉన్నవాళ్లు మీ డేటా ముట్టుకోరు. వికీడేటా సీసీ0 కింద ఉంది, ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు. డీబీపీడియా వికీపీడియా నుంచి వచ్చింది కాబట్టి సీసీ బై-ఎస్ఏ, పేరు చెప్పాలి, అదే లైసెన్సుతో పంచాలి. మీరు రెండిటినీ కలిపి ప్రచురిస్తుంటే రెండో షరతు మొత్తానికీ వర్తిస్తుందేమో చూసుకోండి.

ఏఐ చాట్‌బాట్ స్పార్కిల్ రాసిచ్చేస్తోంది. ఇంక నేర్చుకోవడం ఎందుకు?

వాక్యనిర్మాణం బాగానే రాస్తుంది. పేచీ సంఖ్యలతో వస్తుంది: క్యూ, పీ సంఖ్యలను నమ్మకంగా ఊహించి రాసేస్తుంది, ఆ సంఖ్య ఇంకేదో అయి ఉంటుంది. క్వెరీ నడుస్తుంది, ఏవో వరసలు వస్తాయి, తప్పని తెలియదు. సంఖ్యలు మీరే వెతికి ఇచ్చి, క్వెరీ మాత్రం రాయించుకోండి. వచ్చినదాన్ని లైను లైనూ చదవగలిగితే అది మంచి సహాయకుడే.

నా వెబ్‌సైట్ డొమైన్ పేరు రెన్యువల్ చేయకపోతే యూఆర్‌ఐల గతేంటి?

తెరుచుకోవు. స్టోర్‌లో ఉన్న ట్రిపుల్స్ పనిచేస్తూనే ఉంటాయి గానీ, వాటిని వాడుకున్న బయటివాళ్ల లింకులన్నీ గాల్లో వేలాడతాయి. ఆ డొమైన్‌ను ఇంకెవరో కొంటే మీ పేర్లు వాళ్ల చేతిలోకి పోతాయి. అందుకని మొదటి రోజే డబ్ల్యూ3ఐడీ లేదా పర్ల్ లాంటి శాశ్వత చిరునామా సేవ వాడండి. పర్ల్‌ను 2016 నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్ నడుపుతోంది. డబ్ల్యూ3ఐడీలో గిట్‌హబ్ ద్వారా ఒక చిన్న రీడైరెక్ట్ ఫైల్ పంపితే పేరు నమోదవుతుంది, డబ్బు కట్టక్కర్లేదు. రేపు సర్వర్ మారితే ఆ ఫైల్‌లో ఒక్క లైను మారుస్తారు, యూఆర్‌ఐలు అలాగే ఉంటాయి. ఇప్పటికే సొంత డొమైన్‌తో ప్రచురించేసి ఉంటే పాతవాటిని తీసేయకుండా కొత్తవాటికి రీడైరెక్ట్ పెట్టండి, ఆ డొమైన్‌ను వీలైనన్నేళ్లు వదలకండి.